పదో పాట ఎవరికి?



ఈసారి ఒక చిన్న గొడవతో మొదలుపెడుతున్నాం. చెన్నైలో మేము సేవ చేసే తెలుగు సంఘంలో జరిగింది. గాయక బృందంలో పాడే ఒక యువతి ఐటీ కంపెనీలో పని చేస్తుంది. రోజంతా కుర్చీలో కూర్చుని నడుము పట్టేసింది. వ్యాయామం చేయమని డాక్టరు చెబితే, ఇంటికి దగ్గర్లో సంగీతంతో నడిచే ఒక యోగా తరహా తరగతిలో చేరింది. ఈ సంగతి ఎలాగో బయటికొచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఆ అమ్మాయిని కొన్నాళ్లు పాటలకు పిలవకండి. యోగాకి పోయే నోటితో దేవుని పాట ఎలా పాడిస్తాం?" అన్నారు. ఆలోచించి చెబుతామన్నాం.

అదే వారంలో ఇంకో సహోదరి మాటల మధ్యలో ఒక సంగతి చెప్పింది. ఆమె వ్యాసర్పాడి నుంచి తెల్లవారకముందే బయలుదేరి, నగరం అవతలి కొసన ఒక జిమ్ములో ఊడ్చి తుడిచే పనికి వెళుతుంది. అక్కడా అలాంటి తరగతే నడుస్తుంది. "మొత్తం పది పాటలయ్యా. ఎన్నో పాటకి ఏం చేస్తారో నాకు తెలుసు. పదో పాటకి లైట్లు తగ్గించి అందరూ పడుకుంటారు. అప్పుడు నేను తలుపు చప్పుడు కాకుండా బయట నిలబడాల. పాట అయిపోగానే లోపలికి పోయి చాపలు తుడవాల. ఆ పాట వింటావుంటే నాకు నిలబడే నిద్రొస్తాది" అని నవ్వింది.

పెద్దలు అడిగిన ప్రశ్న ఒకటి. ఈ సహోదరి అడగకుండానే అడిగిన ప్రశ్న ఇంకొకటి. మొదటిదానికి జవాబు చెప్పకుండా దాటవేయం. కానీ మన సంఘాలు ఇన్నేళ్లుగా మొదటిదాని చుట్టూనే తిరుగుతూ రెండోదాన్ని వినలేదని మా బాధ.

ముందు ఆ తరగతిలో ఏం జరుగుతుందో చూద్దాం. ఇలాంటి తరగతుల్లో ప్రపంచమంతటా పేరుపడినది న్యూజీలాండ్‌కు చెందిన లెస్ మిల్స్ సంస్థ రూపొందించిన బాడీ బ్యాలెన్స్. యోగా, చైనావారి తాయ్ చీ, పిలాటిస్ మూడూ కలిపి, సుమారు యాభై అయిదు నిమిషాల్లో పది పాటలకు కూర్చారు. మొదటి పాటకు తాయ్ చీ పద్ధతిలో ఒళ్లు వెచ్చబడేలా నెమ్మదిగా కదులుతారు. తర్వాత సూర్య నమస్కారాల వరుస, నిలబడి కాళ్లకు బలం ఇచ్చే భంగిమలు, ఒంటికాలి మీద నిలకడ, తుంటి కీళ్లు, పొట్ట, వీపు, నడుము తిప్పడం, ముందుకు వంగడం. చివరి పాటకు పడుకుని కళ్లు మూసుకుంటారు. మూడు నెలలకోసారి పాటలూ కదలికలూ మారుతుంటాయి. చెన్నైలో ఇదే నమూనాలో, వేరువేరు పేర్లతో, సినిమా పాటలతోనూ వాద్య సంగీతంతోనూ నడిచే తరగతులు చాలా వచ్చాయి.

ఇందులో సంగీతం ఉత్త అలంకారం కాదు. లయ ఉంటే శరీరం ముందే తెలుసుకుంటుంది, ఎప్పుడు లేవాలో ఎప్పుడు వంగాలో. ఎనిమిది దెబ్బలకు ఊపిరి తీసుకుని, ఎనిమిదికి వదిలితే లెక్కపెట్టే పని మనసుకు ఉండదు. అలసట ఉన్నా అంత తెలియదు. పదిమంది ఒకే తాళానికి కదిలితే, వెనుకబడినవాళ్లను కూడా ఆ తాళమే మోసుకుపోతుంది. ఇది మన పూర్వీకులకు తెలియని సంగతి కాదు. ఆ మాటకు మళ్లీ వస్తాం.

ఇక పెద్దల ప్రశ్న. వారి భయం ఊరికే పుట్టింది కాదు. యోగాలో కొన్నిచోట్ల మంత్రాలున్నాయి, దేవతా నమస్కారాలున్నాయి. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగా దినంగా ప్రకటించింది. మరుసటి ఏడు మొదటి యోగా దినం వచ్చినప్పుడు సూర్య నమస్కారాల మీద ముస్లిం సోదరులు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ అధికారిక కార్యక్రమం నుంచి వాటిని పక్కన పెట్టింది. ఎవరి మనస్సాక్షికి విరుద్ధంగానైనా, ఏ పిల్లవాడి చేతనైనా బడిలో మొక్కించడం తప్పు. ఆ విషయంలో మేము పెద్దల పక్షమే. యోగాను దేశభక్తికి పరీక్షగా మార్చేవారిని ఎదిరించడం మన పౌర ధర్మం కూడా.

ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం 1993లో బడుల్లో యోగాను నిషేధించి, 2021లో ఆ నిషేధం సడలించింది. అప్పుడు కూడా మంత్రాలనూ "నమస్తే" అన్న మాటనూ అనుమతించలేదు. వంగడం, లేవడం, ఊపిరి పీల్చడం మాత్రం ఎవరి మతమూ కాదని ఒప్పుకున్నారు.

అయితే యోగా అంతా ఒకే చేతినుంచి, ఒకే కులం నుంచి, ఒకే మతం నుంచి వచ్చిందనుకోవడం చరిత్ర కాదు. మన చెన్నైనే చూడండి. ఈనాటి "ఫ్లో" తరగతుల వంశవృక్షం చాలావరకు తిరుమలై కృష్ణమాచార్య దగ్గరికి పోతుంది. మైసూరు రాజుగారి ఆదరణలో యోగశాల నడిపి, ఊపిరితో కదలికను ముడివేసి నేర్పిన ఆయన, 1950ల నుంచి మద్రాసులోనే ఉండి, నూరేళ్లు నిండాక 1989లో కన్నుమూశారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో ఇక్కడ కృష్ణమాచార్య యోగమందిరం స్థాపించారు. ఇదే నగరంలో, అంతకు చాలా ముందే, 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ క్రైస్తవుడు వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టారు. నందనంలో ఇప్పటికీ ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు ఆయనే. ఆ రోజుల్లో వై.ఎం.సి.ఎ.లు దేశమంతా వ్యాపింపజేసిన డ్రిల్లు, ఐరోపా జిమ్నాస్టిక్స్, మన ఆసనాలు ఒకదాన్నొకటి తాకి మారాయని మార్క్ సింగిల్టన్ వంటి పరిశోధకులు రాశారు. దాని మీద వాదాలున్నాయి. కానీ నేటి తరగతిలో చేసేదానిలో క్రైస్తవ సంస్థల వ్యాయామపు జాడ కూడా ఉందన్నది కొట్టిపారేయలేని మాట.

మన ఇంటి చరిత్ర ఇంకా దగ్గరిది. ఒంగోలు ప్రాంతంలో మాదిగ పల్లెల నుంచి క్రీస్తు దగ్గరికి వచ్చిన తొలి నాయకుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్లకొండపాడు. 1866లో బాప్తిస్మం పొందారు. అంతకుముందు ఆయన రాజయోగం బోధించే గురువుల దారిలో నడిచినవాడు. ఆ గురువుల్లో వీరమ్మ అనే స్త్రీ కూడా ఉన్నారు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ కథ ఉంది. దేవుడు ఒక్కడే, ఆయన ఆత్మ అన్న బోధ ఆ దారిలో ముందే విన్నందువల్లే పేరయ్య చెవికి సువార్త కొత్తభాషలా వినిపించలేదు. చెప్పులు కుట్టుకునే మాదిగలు ధ్యానంలో కూర్చున్నారు, ఒక స్త్రీ వారికి గురువైంది. మన పితరుల్లో ఒకరు ఆ దారినే నడిచి యేసు దగ్గరికి వచ్చారు. కాబట్టి ఈ దేశంలో ఊపిరి మీద, మౌనం మీద, శరీరం మీద హక్కు ఎవరికీ రాసివ్వలేదు. దళిత క్రైస్తవులమైన మనం ఆ హక్కును మనంతట మనమే వదులుకోనక్కరలేదు.

పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక 14వ అధ్యాయంలో తినేవారికీ తిననివారికీ మధ్య తగవు తీర్చాడు. ఎవరి మనస్సాక్షిలో వారు నిశ్చయంగా ఉండాలి, ఒకరినొకరు తీర్పు తీర్చకూడదు. ఆ యువతిని పిలిచి అడిగాం. ఆమె అక్కడ ఏ దేవతకూ మొక్కదు, మంత్రం వచ్చిన చోట మౌనంగా ఊపిరి తీసుకుంటుంది. మా జవాబు పెద్దలకు చెప్పేశాం. ఆ అమ్మాయి పాడుతుంది. ఎవరికైనా మనస్సాక్షి ఒప్పకపోతే వారు వెళ్లవద్దు, అదీ గౌరవించదగినదే.

మొదటి ప్రశ్న ఇక్కడితో ముగిసింది. రెండోది మొదలవుతుంది.

తాళానికి శరీరాన్ని కదిలించడం మన తాతముత్తాతలకు తెలుసని పైన అన్నాం. ఏతం తొక్కేవాడికి ఏతం పాట ఉంది. నాట్లు వేసే ఆడవాళ్లకు నాట్ల పాట ఉంది. వడ్లు దంచేవాళ్లకు దంపుళ్ల పాట, తిరగలి విసిరేవాళ్లకు విసుర్ల పాట, పల్లకీ మోసే బోయీలకు అడుగుకో కేక. రోకలి లేచినప్పుడు ఊపిరి లోపలికి, పడినప్పుడు బయటికి. ఏ ఇన్‌స్ట్రక్టరూ నేర్పలేదు. వంగడం, మెలితిరగడం, ఒంటికాలి మీద ఆగడం, బరువు ఎత్తడం అన్నీ అందులో ఉన్నాయి. ఒకే ఒక తేడా. మన కూలి పాటల్లో తొమ్మిది పాటలే ఉన్నాయి. పదోది లేదు. పాట అయిపోతే ఇంకో మడి, ఇంకో కుంచం.

ఈనాటికీ అంతే. జిమ్ములో ఊడ్చే మా సహోదరి రోజుకు వందసార్లు వంగి లేస్తుంది. దాన్ని ఎవరూ వ్యాయామం అనరు. ఎందుకంటే వ్యాయామం అంటే మన ఇష్టంతో, మన ఒంటి మేలు కోసం, చివర విశ్రాంతితో చేసేది. ఆమె కదలికలో ఆ మూడూ లేవు. చేతిలో మాప్ కర్ర ఉంది, పైన కెమెరా ఉంది. నొప్పి వస్తే రాత్రి అమృతాంజనం రాసుకుంటుంది. ఆ పసుపు సీసాను 1893లో మొదలుపెట్టింది మన తెలుగువారే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి దానికి పేరు తెచ్చారని చెబుతారు. మైలాపూరులో ఆయన పేరుతో ఉన్న పార్కులో ఇప్పుడు పొద్దున్నే నడకలూ ఆసనాలూ వేస్తారు. ఆ పార్కును పొద్దున్నే ఊడ్చేవారి నడుముకు మాత్రం ఇంకా సీసానే దిక్కు.

"ఆసనం" అన్న మాటకు అసలు అర్థం చూడండి. కూర్చోవడం, కూర్చునే చోటు. అంతే. టి.నగర్ బట్టల దుకాణాల్లో వేలమంది ఆడపిల్లలకు ఆ ఒక్క ఆసనమే దొరకలేదు. పొద్దున తలుపు తీసింది మొదలు రాత్రి దించేదాకా నిలబడే ఉండాలి, గిరాకీ లేకపోయినా గోడకు ఆనుకోకూడదు. 2010లో వచ్చిన "అంగాడి తెరు" అనే తమిళ సినిమా ఆ రంగనాథన్ వీధి జీవితాన్నే చూపించింది. కేరళలో దుకాణాల్లో పని చేసే స్త్రీలు పోరాడి 2018లో కూర్చునే హక్కు తెచ్చుకున్నారు. తమిళనాడు 2021లో తన 1947 నాటి దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి, పనివారందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని, అవకాశం దొరికినప్పుడు కూర్చోనివ్వాలని రాసింది. ఒక కుర్చీ కోసం శాసనసభ చట్టం చేయవలసి వచ్చిందంటే మన సమాజం ఏ స్థితిలో ఉందో ఆలోచించండి. చట్టం వచ్చాక కూడా కుర్చీ ఎక్కడుందో మీరు ఈసారి బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు చూడండి.

2025 ఆగస్టులో రిప్పన్ బిల్డింగ్ ముందు రాయపురం, తిరు.వి.క.నగర్ మండలాల పారిశుద్ధ్య కార్మికులు తమ పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు అప్పగించవద్దని రాత్రింబవళ్లు బైఠాయించారు. వారిలో మన తెలుగు కుటుంబాల స్త్రీలు ఎందరో ఉన్నారు. నగరానికి చెత్త ఎత్తే చేతులు పదమూడు రోజులు పేవ్‌మెంటు మీద పడుకున్నాయి. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వచ్చి లేపి బస్సులు ఎక్కించారు. ఆ రాత్రి వారు అడిగింది విలాసం కాదు. రేపటి పని ఉంటుందన్న ధైర్యం అడిగారు. ఆ ధైర్యం లేనివారికి కళ్లు మూసుకున్నా విశ్రాంతి ఉండదు. పదో పాట అంటే మేము చెబుతున్నది ఇదే.

మన వాక్యం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. నాలుగో ఆజ్ఞ యజమానికి మాత్రమే ఇవ్వలేదు. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి అందరి పేర్లూ అందులో ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం కారణం కూడా చెబుతుంది. నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావు, అది మరచిపోవద్దు, నీలాగే నీ దాసికీ విశ్రాంతి కలగాలి. ఏలీయా బదరీవృక్షం కింద చచ్చిపోతానని పడుకున్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మన ప్రభువు తుపానులో తలగడ మీద తల వాల్చి నిద్రపోయాడు. శరీరం పరిశుద్ధాత్మకు ఆలయమని ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెబుతాం. ఆలయం ఊడ్చేవారి శరీరం కూడా ఆలయమేనని ఎన్నిసార్లు చెప్పాం?

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. మన పెద్దలు సంఘంలోకి వచ్చినప్పుడు డప్పును గుడి బయట పెట్టి రమ్మన్నారు. చావుకూ జాతరకూ వెట్టిగా కొట్టించిన వాద్యం కాబట్టి, దాన్ని వదలడం ఆనాడు కొందరికి విడుదలగానే అనిపించింది. అది అర్థం చేసుకోదగినదే. కానీ వెట్టి పోయాక కూడా డప్పు మాత్రం బయటే ఉండిపోయింది. నిర్గమకాండములో మిర్యాము తంబుర పట్టుకుని స్త్రీలను నాట్యంలో నడిపించిందని మన తెలుగు బైబిలులో చదువుతాం. మనకు తీగల తంబురా గుర్తొస్తుంది. హీబ్రూలో ఉన్న మాట "తోఫ్". చట్రానికి చర్మం బిగించి చేత్తో కొట్టే వాద్యం. మన డప్పుకు దగ్గరి బంధువు. దాస్యం నుంచి బయటపడిన స్త్రీల మొదటి ఆరాధన డప్పు దెబ్బకు కదిలిన ఆరాధన. మదురై వేదాంత కళాశాలలో థియోఫిలస్ అప్పావు గారు పల్లె పాటనూ పఱైనూ ఆరాధనలోకి తెచ్చి ఈ సత్యాన్ని బతికి చూపించారు. 2018 జనవరిలో కిల్పాక్‌లో ఒక సి.ఎస్.ఐ. పాఠశాల మైదానంలోనే క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం తమ మొదటి కచేరీ చేసింది. గానా, పఱై, ర్యాప్ కలిపి వేలమందిని కదిలించింది. మైదానం మనవారిది. ఆ దెబ్బ మన గుడిలోకి రావడానికి ఇంకెన్నాళ్లు?

మాటలతో ఆపకుండా చిన్న పని ఒకటి మొదలుపెట్టాం. శనివారం సాయంత్రం గుడి హాలులో బెంచీలు పక్కకు జరిపాం. సంఘంలో ఫిజియోథెరపీ చదివిన ఒక చెల్లెలు కదలికలు కూర్చింది. నేలమీద కూర్చుని చేసేవి, వంగి ఊడ్చేవారి నడుముకు పనికొచ్చేవి. పాటకు ఒక తమ్ముడు వాళ్ల తాతగారి డప్పు తెచ్చి, వెనుక దొడ్లో నాలుగు తాటాకులు వెలిగించి కాచాడు. మొదట అభ్యంతరం చెప్పిన పెద్దాయన కూడా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. మొదటి శనివారం పదకొండుమంది ఆడవాళ్లు వచ్చారు. నవ్వులు, సిగ్గు, "అక్కా నీ కాలు ఎక్కడుందో చూసుకో" అన్న మాటలు. డప్పు మెల్లగా, చాలా మెల్లగా.

చివరికి పడుకోమన్నాం. లైట్లు ఆపాం. డప్పు ఆగింది. అయిదు నిమిషాలకు ప్రార్థన చేసి ముగించాలని మా ఆలోచన. లేచి నోరు తెరవబోయేసరికి ఆ పెద్దాయన చెయ్యెత్తి వద్దని సైగ చేశారు. చూస్తే దాదాపు అందరూ నిద్రపోయారు. జిమ్ములో తలుపు బయట నిలబడే మా సహోదరి గురక పెడుతోంది. అరగంట ఎవరినీ లేపలేదు. పదో పాట ఆరోజు ఆమెకు వచ్చింది. ఆ అరగంట కంటే మంచి ప్రార్థన ఈ మధ్య మా సంఘంలో జరగలేదని మా నమ్మకం.

అరగంట నిద్ర న్యాయం కాదని మాకు తెలుసు. సోమవారం మళ్లీ ఆ తలుపు బయటే ఆమె నిలబడుతుంది. అందుకే పాఠకులను కొన్ని పనులు అడుగుతున్నాం. వ్యాయామ తరగతికి వెళ్లేవారు వెళ్లండి, అపరాధ భావం వద్దు. కానీ అక్కడ ఊడ్చేవారి పేరేమిటో తెలుసుకోండి, కూర్చోవడానికి కుర్చీ ఉందా అని యాజమాన్యాన్ని అడగండి. డబ్బు కట్టే సభ్యుడు అడిగితే జవాబు వస్తుంది, పనిమనిషి అడిగితే ఉద్యోగం పోతుంది. కూర్చునే హక్కు గురించి మీ సంఘంలో తమిళంలోనూ తెలుగులోనూ ఒక కాగితం అచ్చువేసి పంచండి. వారం పొడుగునా తాళం వేసి ఉండే గుడి హాళ్లు ఒక సాయంత్రం పనిచేసే స్త్రీల కోసం తెరవండి.

అన్నిటికంటే ముందు మన ఇల్లు చూసుకుందాం. క్రైస్తవ బడుల్లో ఆయమ్మకు కుర్చీ ఉందా? మన ఆస్పత్రుల్లో రాత్రి కాపలాదారుడికి స్టూలు ఉందా? మన గుడి ఊడ్చే అమ్మకు వారంలో ఒక రోజు జీతంతో సెలవు ఉందా? ఆదివారం విశ్రాంతి దినమని మనం బోధించే రోజే ఆమెకు అందరికంటే ఎక్కువ పని. మా సంఘంలోనూ నిన్నటిదాకా అంతే. ఈ నెల నుంచి ఆమెకు సోమవారం జీతంతో సెలవు ఇస్తున్నాం. ఆలస్యంగా చేశామని ఆమె ముందే క్షమాపణ అడిగాం.

"మరి సోమవారం ఏం చేస్తావమ్మా?" అని అడిగితే, "పడుకుంటాను అయ్యగారూ" అంది.